ఉల్లిపాయకు వీసా ఎందుకు?

దక్షిణాసియా ఐక్యత ఏమైపోతుందోనని బెంగపడేవారికి ఒక శుభవార్త. దక్షిణాసియా దేశాల కూటమి సార్క్ దేశాధినేతల సమావేశం చివరిసారి 2014లో కాఠ్మాండూలో జరిగింది. ఆ తర్వాత వారంతా ఒక బల్ల చుట్టూ కూర్చున్నది లేదు. అయినా పని ఆగలేదు. నేతలు మానేసిన రాకపోకలను ధరలు కొనసాగిస్తున్నాయి, అదీ భత్యాలేమీ తీసుకోకుండా.

ఉల్లి చేసిన మేలు తల్లి కూడా చేయదన్నారు మన పెద్దలు. ఏ దేశపు తల్లి అన్నది మాత్రం చెప్పలేదు. 2019 సెప్టెంబరు 29న మన ప్రభుత్వం ఉల్లి ఎగుమతిని నిషేధించింది. వారం తిరగకముందే ఢిల్లీ వచ్చిన బంగ్లాదేశ్ ప్రధాని షేక్ హసీనా, వ్యాపారవేత్తల సభలో హిందీలోకి దిగి, ఇకపై వంటలో ఉల్లి వేయవద్దని వంటవాడికి చెప్పేశానన్నారు. కాస్త ముందుగా చెప్పి ఉంటే బాగుండేదనీ అన్నారు. సభ నవ్వింది. నవంబరుకల్లా ఢాకాలో కిలో ఉల్లి 200 టాకాలు దాటి, ఉల్లిపాయలు విమానంలో దిగాయి. జన్మలో విమానం ఎక్కని వంటమనిషి విమానంలో వచ్చిన ఉల్లిని తరగడం అభివృద్ధి కాక మరేమిటి?

మరుసటి ఏడాది సెప్టెంబరులో మళ్ళీ నిషేధం. ఈసారి కడప జిల్లా కృష్ణాపురం ఉల్లి కూడా చిక్కుకుంది. అది ఘాటైన రకం, మన వంటిళ్ళలో దాన్ని పెద్దగా అడిగేవారు ఉండరు. సింగపూరు, మలేసియా, శ్రీలంకల వాళ్ళు కొంటారనే రైతులు దాన్ని వేస్తారు. ఆ విధంగా మనం తినని ఉల్లిని మన కోసమే భద్రంగా దాచారు. గడప ముందు పోసిన ఉల్లి మొలకెత్తుతుంటే దేశ ఆహార భద్రత ఎంత పచ్చగా ఉందో రైతుకు కళ్ళారా కనిపించి ఉంటుంది. అక్టోబరులో దయతలచి 10,000 టన్నులకు అనుమతించారు, చెన్నై రేవు నుంచి మాత్రమే.

టమాటాది మరో దౌత్యం. 2023 వేసవిలో కాఠ్మాండూ రైతులు గిట్టుబాటు కాక టమాటాలను రోడ్డు మీద పారబోశారు. జూలై చివరికి మన మదనపల్లెలో కిలో 200 రూపాయల దగ్గరికి చేరింది. ఆగస్టులో నేపాల్ నుంచి టమాటా తెప్పిస్తున్నామని ఆర్థిక మంత్రి లోక్‌సభలో ప్రకటించారు. సెప్టెంబరు వచ్చేసరికి ధర కుప్పకూలి, పారబోసే వంతు మన కర్నూలు వైపు రైతులకు వచ్చింది. ఇరుగుపొరుగు దేశాల మధ్య సాగు పద్ధతులు ఇంత వేగంగా చేతులు మారడం ఏ ఒప్పందంలోనూ చూడలేదు.

ఇక శాతాలు. 2022 సెప్టెంబరులో కొలంబోలో ఆహార ద్రవ్యోల్బణం 94.9. అంతకుముందు ఏడాది వందకు వచ్చిన సరుకుకు దాదాపు 195 అన్నమాట. ఏడాది తిరిగేసరికి అదే ద్రవ్యోల్బణం సున్నా కిందికి దిగింది. అంటే ధర 195 దాకా మెట్లెక్కి, ఆయాసం వచ్చి, రెండు మెట్లు దిగి కూర్చుంది. దీన్ని ఆర్థికవేత్తలు స్థిరత్వం అంటారు. మా ఆవిడ దీన్ని వేరే మాటతో పిలుస్తుంది, అది ఇక్కడ రాయలేను.

2023 మేలో 38 శాతం ఉన్న పాకిస్థాన్ ద్రవ్యోల్బణం 2025 ఏప్రిల్‌కు 0.3కి పడింది. అదే ఏడాది అక్టోబరులో మనది 0.25. మాటలే కరువైన ఏడాదిలో రెండు దేశాలూ సున్నా పక్కన భుజం భుజం కలిపి నిలబడ్డాయి. నోబెల్ కమిటీ దృష్టికి ఇది ఎందుకు రాలేదో!

ఆ 0.25 వార్త చదివిన ఉత్సాహంలో రైతుబజారుకు వెళ్ళి, కూరలమ్మే ఆమెకు వివరంగా చెప్పాను. ఆమె వంకాయలు తూస్తూనే ఓపిగ్గా విన్నది.

“అది కిలోకా బాబూ?” అంది.

కాదమ్మా, అది శాతం, సగటు అన్నాను.

“సగటు నూనె ఎక్కడ అమ్ముతారో చెప్పండి, నేనూ కొనుక్కుంటాను.”

నా దగ్గర జవాబు లేదు. కొసరుగా నాలుగు రెబ్బల కరివేపాకు వేయమని సంచీ చాపాను.

“కట్ట ఐదు రూపాయలు,” అంది.