సాయంత్రం మిగిల్చిన యూనిట్‌కు వెల కట్టండి

మే నెల, సాయంత్రం ఏడు గంటలు. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ సంపు మోటారు స్విచ్ వేస్తాడు. ఆఫీసు నుంచి అప్పుడే వచ్చిన రెండో అంతస్తు ఆయన చెమట తుడుచుకుంటూ ఏసీని 20కి పెడతాడు. పక్క వాటాలో వాషింగ్ మెషిన్ తిరుగుతుంటుంది. సెల్లార్‌లో రెండు ఎలక్ట్రిక్ స్కూటర్లు చార్జింగ్‌లో ఉంటాయి. వీళ్లెవరిదీ తప్పు కాదు, ఇంటికి వచ్చాకే కదా ఇవన్నీ వాడుకునేది. కాకపోతే సరిగ్గా అదే వేళకు అనంతపురం, కర్నూలు జిల్లాల్లోని సోలార్ పలకల మీద వెలుతురు పోయి ఉంటుంది.

తెలుగు రాష్ట్రాల్లో మొత్తం వాడకం గరిష్ఠానికి చేరేది చాలాసార్లు పగటిపూటే. పొలాల మోటార్లు, ఫ్యాక్టరీలు, ఆఫీసులు అన్నీ ఒకేసారి నడుస్తాయి. కానీ పగలు ఎండ ఉంటుంది, సర్దుకోవచ్చు. చిక్కంతా దీపాలు పెట్టే వేళకే. కరెంటు కొని అమ్మే ఎక్స్ఛేంజీలో మధ్యాహ్నం రెండు మూడు రూపాయలకు దొరికే యూనిట్ ఎండాకాలం సాయంత్రానికి పది రూపాయలకు ఎగబాకుతుంది. పది దగ్గర ఆగేది కూడా కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి గీత గీసింది కాబట్టి. ఆ గీత లేని 2022 మార్చిలో ఇరవై దాకా పోయింది.

లెక్క చూద్దాం. తెలంగాణలో నెలకు 101 నుంచి 200 యూనిట్ల మధ్య వాడే ఇంటికి ఆ శ్లాబులో ధర 4 రూపాయల 80 పైసలు. కరెంటు పంపిణీ సంస్థ (డిస్కం) పది రూపాయలకు కొన్న యూనిట్‌ను, దారిలో లైన్లలో పోయేది పోగా, ఈ ధరకు ఇస్తోంది. ఒక్కో యూనిట్ మీద అయిదు రూపాయలకు పైగా నష్టం. ఆ నష్టం ఎక్కడికీ పోదు. కొంతకాలానికి ‘సర్దుబాటు’ అనో ‘ట్రూ అప్’ అనో పేరు పెట్టుకుని అందరి బిల్లుల్లోకీ వస్తుంది. ఎప్పుడో రెండేళ్ల కిందట వాడిన కరెంటుకు ఇప్పుడు డబ్బులేంటని ఆంధ్రప్రదేశ్‌లో జనం బిల్లు పట్టుకుని నిలదీసింది దీని గురించే. అదే సాయంత్రం ఆ యూనిట్ వాడకుండా ఆగిన కుటుంబానికి మూడు రూపాయలు ఇచ్చినా డిస్కంకు ఇంకా రెండు రూపాయలు మిగులుతాయి. ఇందులో దానధర్మం ఏమీ లేదు, శుద్ధ వ్యాపారం.

కొరత వచ్చినప్పుడు ఇప్పుడు చేస్తున్నదేమిటి? కోత. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో పరిశ్రమలకు పవర్ హాలిడే ప్రకటించారు. కోత పెట్టడమూ డిమాండు తగ్గించడమే. కాకపోతే అడగకుండా లాక్కుంటారు, పైసా ఇవ్వరు. ఆ భారం కూలి పోయిన కార్మికుడు మోస్తాడు, చిన్న పరిశ్రమ యజమాని మోస్తాడు. బలవంతంగా తీసుకునే దాన్ని ధర ఇచ్చి అడిగితే ఎంత వస్తుందో తెలుగు రాష్ట్రాల్లో ఇళ్ల విషయంలో గట్టిగా పరీక్షించి చూసినట్టు లేదు.

బ్రిటన్ చూసింది. 2022-23 చలికాలంలో, ఉక్రెయిన్ యుద్ధంతో గ్యాస్ ధరలు మండిపోతున్నప్పుడు, అక్కడి గ్రిడ్ నిర్వాహక సంస్థ ఒక పథకం పెట్టింది. ఫలానా సాయంత్రం ఫలానా గంటలో మామూలుగా వాడేదానికంటే తక్కువ వాడితే డబ్బులిస్తాం అంది. యూనిట్‌కు 3 పౌండ్ల హామీ ధర ప్రకటించింది. 16 లక్షల ఇళ్లు, వ్యాపార సంస్థలు చేరాయి. సీజన్ మొత్తంలో 3,300 మెగావాట్ అవర్లకు పైగా, అంటే మన లెక్కలో 33 లక్షల యూనిట్లు ఆదా అయ్యాయి. ఒక్కో ఇంటికి దక్కింది చిన్న మొత్తమే. అయినా జనం చేరారు.

మనవాళ్లు అలా లెక్క చూసుకుని వాడతారా అని అనుమానించేవాళ్లు తెలంగాణలో నెలకు 200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు పొందే గృహజ్యోతి ఇళ్లకు వెళ్లి చూడాలి. 200 యూనిట్లు దాటితే మొత్తం బిల్లు కట్టాలి. నెలాఖరు వచ్చేసరికి ఇల్లాలు మీటరు దగ్గర నిలబడి అంకెలు చదువుతుంది, బిల్లు కొట్టే అబ్బాయి రెండు రోజులు ఆలస్యమైతే టెన్షన్ పడుతుంది. ఆ కుటుంబానికి ఆదా చేయడం నేర్పాల్సిన పని లేదు. ఏ గంటలో ఆదా చేస్తే ఎక్కువ ఉపయోగమో మాత్రం ఎవరూ చెప్పలేదు. తెల్లవారుజామున ఆపిన యూనిట్, సాయంత్రం ఏడున్నరకు ఆపిన యూనిట్ ఆమెకు ఒకటే, ఎందుకంటే మీటరుకూ ఒకటే.

2023లో సవరించిన కేంద్ర వినియోగదారుల హక్కుల నిబంధనలు ఈ తేడాను గుర్తించాయి. సోలార్ వేళల్లో ధర కనీసం 20 శాతం తగ్గాలి, పీక్ వేళల్లో ఇళ్లకు కనీసం 10 శాతం పెరగాలి, వ్యవసాయం తప్ప అందరికీ 2025 ఏప్రిల్ 1 నాటికి అమలు కావాలి అన్నాయి. ఆ తేదీ దాటిపోయింది. మన గోడల మీద చాలావరకు పాత మీటర్లే ఉన్నాయి. ఈలోగా కేరళ నెలకు 250 యూనిట్లు దాటిన ఇళ్లకు సాయంత్రం 6 నుంచి 10 దాకా 25 శాతం అదనం, పగలు 10 శాతం తగ్గింపు పెట్టింది. మహారాష్ట్ర మాత్రం ఇళ్లకు పగటి రాయితీతో మొదలుపెట్టింది. మా ఓటు మహారాష్ట్ర దారికే. సాయంత్రం ఏడింటికి ఇల్లు చేరే మనిషిని, పొయ్యి ముందు నిలబడే మనిషిని జరిమానాతో దారికి తేవాలనుకోవడం అన్యాయం. పైగా ఏ గంటలో ఎంత వాడామో లెక్కించే స్మార్ట్ మీటర్ అనగానే ‘రీచార్జ్ అయిపోతే చీకటే’ అన్న భయం ఇప్పటికే ఉంది. ఆ మీటరు వల్ల తొలి రెండేళ్లలో బిల్లు తగ్గడమే తప్ప పెరగదని రాతపూర్వకంగా చెప్పి, చెప్పినట్టు చేస్తే ఆ భయం కొంతైనా పోతుంది.

మెలికలూ ఉన్నాయి. మామూలు వాడకం అంటే ఎంత? గత పది రోజుల సగటు అంటే ఆ పది రోజులూ కావాలని ఎక్కువ వాడి, తర్వాత తగ్గించి డబ్బు అడిగేవాళ్లు ఉంటారు. ఊరంతటికీ ఒకేసారి తెరిచేముందు ఇది తేల్చుకోవాలి. ఇంతకంటే ముఖ్యమైనది, రెండు ఫ్యాన్లు, ఒక ఫ్రిజ్ ఉన్న ఇంటికి ఆపడానికి ఏముంది? రాయితీ మొత్తం మూడు ఏసీల ఇంటికే పోకూడదు. నలభై రెండు డిగ్రీల్లో ఏ ముసలావిడా మూడు రూపాయల కోసం ఫ్యాన్ ఆపుకోకూడదు. కాబట్టి ఇంటికో పరిమితి పెట్టాలి, చిన్న వాడకందారులకు ఎక్కువ రేటు ఇవ్వాలి. బిల్లే రాని ఇంటికి బిల్లులో తగ్గింపు ఇవ్వలేం కనుక గృహజ్యోతి కుటుంబాలకు నగదే వేయాలి.

మొదలుపెట్టడానికి ఇంటింటికీ మీటర్లు మార్చేదాకా ఆగనక్కర్లేదు. అపార్ట్‌మెంట్లలో మోటార్లకు, లిఫ్టుకు విడిగా కామన్ మీటర్ ఉంటుంది. ముందు దాన్ని మార్చండి. వాచ్‌మన్ ఏడింటికి వేసే మోటారును మధ్యాహ్నం రెండింటికి వేస్తే ఎవరి సుఖమూ తగ్గదు, ట్యాంకులో నీళ్లు సాయంత్రానికీ ఉంటాయి. స్కూటర్ అర్ధరాత్రి చార్జ్ అయినా పొద్దున బండి నడుస్తుంది. ఏసీ సంగతికొస్తే, ఒక డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని ఇంధన సామర్థ్య బ్యూరో ఏళ్లుగా చెబుతూనే ఉంది. 20ని 24 చేసినందుకు బిల్లులో ఒక గీత కనిపిస్తే ఆ మాట చెవికెక్కుతుంది.

తెలంగాణలో హై టెన్షన్ (హెచ్‌టీ) కనెక్షన్ ఉన్న పెద్ద పరిశ్రమలకు రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా వాడితే యూనిట్‌కు రూపాయిన్నర తగ్గింపు ఇప్పటికే ఉంది. ఫ్యాక్టరీకి ఉన్న బేరం ఇంటికి ఎందుకు లేదన్నదే మా ప్రశ్న. డిస్కంలు ఏటా నవంబరు నెలాఖరుకు వచ్చే ఏడాది ఆదాయ, వ్యయ అంచనాలను రాష్ట్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ (ఈఆర్‌సీ) ముందు పెడతాయి. సాయంత్రం కొనుగోళ్లకు వందల కోట్ల పద్దు అందులో ఎలాగూ ఉంటుంది. దాని పక్కనే, ఆ కొనుగోళ్లు తప్పించిన ఇళ్లకు ఇచ్చేందుకు ఒక పద్దు రాయమని బహిరంగ విచారణకు వెళ్లే వినియోగదారులు అడగాలి. డిస్కంలు రాయకపోతే కమిషనే రాయించాలి, వచ్చే మార్చి ఎండలు ముదరకముందే.