వాల్వ్ పెట్టె హాల్లోకి రావాలి, కానీ కన్సోల్ లెక్కలతో కాదు

హాల్లో టీవీ కింద గేములు ఆడే పెట్టె, అంటే కన్సోల్, ఉండే ఆ కాస్త జాగా కోసం ఇరవై ఏళ్లకు పైగా మూడు కంపెనీలే కొట్టుకుంటున్నాయి: సోనీ, మైక్రోసాఫ్ట్, నింటెండో. 2001లో ఎక్స్‌బాక్స్ వచ్చాక నాలుగో కంపెనీ ఏదీ అక్కడ నిలదొక్కుకోలేదు. ఇప్పుడు పీసీ గేముల ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌ను నడిపే వాల్వ్ రెండోసారి అటు అడుగు వేస్తోంది. 2025 నవంబర్ 12న స్టీమ్ మెషీన్ అనే చిన్న పెట్టెను ప్రకటించింది. ఎటు చూసినా దాదాపు ఆరంగుళాలు. లోపల ఆరు కోర్ల ఏఎండీ ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, గ్రాఫిక్స్‌కు విడిగా 8 జీబీ. చేతిలో పట్టుకుని ఆడే తమ స్టీమ్ డెక్ కంటే ఇది ఆరు రెట్లకు పైగా శక్తిమంతమని చెప్పింది. 2026 మొదట్లోనే తెస్తామంది. అంతలో ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో మెమరీ ధరలు ఎగబాకాయి. ధర, తేదీ మళ్లీ చూసుకోవాల్సి వస్తోందని ఫిబ్రవరిలో తనే ఒప్పుకుంది.

పీసీ గేములు అమ్ముకుంటూ హాయిగా సంపాదించుకుంటున్న కంపెనీకి ఈ తలనొప్పి అవసరమా? అవసరమనే నా అభిప్రాయం. కాకపోతే సోనీ, మైక్రోసాఫ్ట్‌లు కన్సోల్ వ్యాపారాన్ని చూసే లెక్కలతో దీన్ని చూస్తే వాల్వ్ మళ్లీ దెబ్బతింటుంది.

మొదటి దెబ్బ 2015లో తగిలింది. దాని మూలాలు 2012లో ఉన్నాయి. మైక్రోసాఫ్ట్‌లో పదమూడేళ్లు పనిచేసి బయటికొచ్చిన వాల్వ్ అధినేత గేబ్ న్యూవెల్, విండోస్ 8 పీసీ ప్రపంచం మొత్తానికీ పెను విపత్తని ఆ ఏడాది బాహాటంగా అన్నారు. విండోస్‌లోనే మైక్రోసాఫ్ట్ సొంత దుకాణం తెరుస్తోంది. రేపు ఆపిల్ ఐఫోన్‌లో చేసినట్టు బయటి దుకాణాలకు తలుపులు మూస్తే స్టీమ్ గతేమిటి? ఆ భయంతోనే, ఎవరైనా ఉచితంగా వాడుకుని మార్చుకోగల లైనక్స్ మీద, విండోస్‌కు బదులుగా స్టీమ్ఓఎస్ అనే సొంత ఆపరేటింగ్ సిస్టమ్ తయారైంది. 2014 జనవరిలో డజనుకు పైగా కంపెనీలు స్టీమ్ మెషీన్లు చేస్తామని ముందుకొచ్చాయి. కానీ సాఫ్ట్‌వేర్ ఎంతకీ సిద్ధం కాలేదు. ఏలియన్‌వేర్ ఓపిక నశించి అదే ఏడాది తన పెట్టెను విండోస్‌తో అమ్మేసింది. తీరా 2015 నవంబర్‌లో స్టీమ్ఓఎస్ పెట్టెలు వచ్చేసరికి వాటిలో నడిచే పెద్ద గేములు కొన్నే. నడిచినవి కూడా అదే హార్డ్‌వేర్ మీద విండోస్‌లో కంటే నెమ్మదిగా నడిచాయి. 2018 కల్లా స్టీమ్ దుకాణం మెనూలోంచి ఆ పేరే తీసేశారు.

గేములు లేకపోవడం వల్లే పోయిందని అందరూ అంటారు. అది నిజమే. అయితే అంతకంటే లోతైన లోపం ఇంకోటి ఉంది. ఆ పెట్టెలు చేసిన కంపెనీలకు లాభమేదైనా వస్తే పెట్టె అమ్మకంలోనే రావాలి. ఆ తర్వాత కొనే ప్రతి గేము మీదా కమీషన్ వాల్వ్‌కు పోతుంది. ఇలాంటప్పుడు తయారీదారు ధర ఎందుకు తగ్గిస్తాడు? ఇదే తప్పు 1993లో 3డీఓ చేసింది. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ స్థాపకుడు ట్రిప్ హాకిన్స్ పెట్టిన కంపెనీ అది. డిజైన్ వాళ్లది, తయారీ పానసోనిక్ లాంటి సంస్థలది. గేముకు 3 డాలర్ల చొప్పున రాయల్టీ 3డీఓకి వెళ్లేది. పెట్టె మీదే బతకాల్సిన తయారీదారు దాదాపు 700 డాలర్ల ధర పెట్టాడు. కొన్నేళ్లకే ఆ కన్సోల్ కథ ముగిసింది. ఇరవై ఏళ్ల తర్వాత వాల్వ్ కూడా అదే గోతిలో పడింది.

ఈసారి పెట్టెను వాల్వే చేయిస్తోంది. లాభమైనా నష్టమైనా ఒకే ఖాతాలోకి వస్తుంది. ఇది మొదటి మార్పు. రెండోది ప్రోటాన్. విండోస్ కోసం రాసిన గేమును లైనక్స్ మీద నడిపించే ఈ సాఫ్ట్‌వేర్‌ను వాల్వ్ 2018 ఆగస్టులో విడుదల చేసింది. గేమ్ విండోస్ వాడే డైరెక్ట్‌ఎక్స్ భాషలో అడిగిన ప్రతి పనినీ ఇది లైనక్స్‌లో నడిచే వల్కన్ భాషలోకి అప్పటికప్పుడు మార్చి గ్రాఫిక్స్ కార్డుకు అందిస్తుంది. దాంతో గేమ్ కంపెనీలను లైనక్స్ వెర్షన్ చేయండని బతిమాలే పని తప్పింది. 2022 ఫిబ్రవరిలో 399 డాలర్ల నుంచి మొదలైన స్టీమ్ డెక్ ఈ పద్ధతి పనిచేస్తుందని జనం చేతుల్లో పెట్టి చూపించింది.

డెక్ నేర్పిన ఇంకో పాఠం గురించి తక్కువ మంది మాట్లాడతారు. పీసీ గేములు ఆడేవాళ్లకు బాగా తెలిసిన చికాకు ఒకటుంది. కొత్త గదిలోకి అడుగుపెట్టగానే, మొదటిసారి పేలుడు జరగగానే తెర ఒక్క క్షణం బిగుసుకుపోతుంది. కాంతి, నీడ, పొగ ఎలా కనబడాలో చెప్పే షేడర్ అనే చిన్న ప్రోగ్రామ్‌లను కంప్యూటర్ అప్పటికప్పుడు తన గ్రాఫిక్స్ కార్డుకు తగ్గట్టు తయారుచేసుకోవడమే దానికి కారణం. పీసీల్లో వేల రకాల కార్డులు ఉంటాయి కాబట్టి ముందే తయారుచేసి పంపడం కుదరదు. కన్సోల్‌లో కార్డు ఒకటే, కాబట్టి ఆ బాధ ఉండదు. డెక్‌లో కూడా చిప్ ఒకటే కావడంతో వాల్వ్ ఆ షేడర్లను సిద్ధంగా గేముతో పాటే డౌన్‌లోడ్ చేయిస్తోంది. స్టీమ్ మెషీన్‌కూ ఈ వీలు ఉంటుంది. లక్షల ఇళ్లలో ఒకే హార్డ్‌వేర్ ఉంటే గేమ్ చేసేవాళ్లకు ఒక కొలబద్ద దొరుకుతుంది. దీని మీద సాఫీగా నడవాలి అని గురి పెట్టుకుని పనిచేస్తారు. ఆ లాభం పెట్టె కొనని పీసీ వాళ్లకు కూడా అందుతుంది.

పీసీని టీవీకి తగిలించి ఆడినవాళ్లను అడగండి, హాల్లో ఎన్ని చిక్కులో చెబుతారు. సోఫాలో కూర్చుని కంట్రోలర్ నొక్కితే పీసీ లేవదు, లేచి వెళ్లి బటన్ నొక్కాలి. టీవీని వేరే రిమోట్‌తో ఆన్ చేయాలి. గేమ్ మొదలయ్యేలోపు ఏదో అప్‌డేట్ విండో అడ్డుపడుతుంది, దాన్ని మూయడానికి మౌస్ కావాలి. సౌండ్ టీవీలో రాకుండా ఇంకెక్కడికో పోతుంది. ఇంట్లో ఇంకొకరికి టీవీ ఇవ్వాల్సి వస్తే గేమ్ సేవ్ చేసి మూసేయాల్సిందే. ఇలాంటివి నాలుగుసార్లు జరిగితే పీసీ మళ్లీ గదిలోని టేబుల్ మీదికే వెళ్లిపోతుంది. కంట్రోలర్‌తోనే పెట్టె మేలుకోవడం, దాంతో పాటే టీవీ ఆన్ కావడం, గేమును ఉన్నచోటే నిద్రపుచ్చి మళ్లీ అక్కడినుంచే అందుకోవడం అనేవి చూడ్డానికి చిన్న సంగతులు. జనం కన్సోల్‌కు డబ్బు పెట్టేది వీటికోసమే. వాల్వ్ ఈసారి వీటిమీద శ్రద్ధ పెట్టింది. టీవీ కేబుల్ దగ్గర మాత్రం ఒక లోటు మిగిలింది. ఆ కేబుల్ కొత్త ప్రమాణం హెచ్‌డీఎంఐ 2.1ను లైనక్స్‌లో నడిపేందుకు ఏఎండీ రాసిన ఓపెన్ సోర్స్ డ్రైవర్‌ను, ఆ ప్రమాణాలు నిర్ణయించే హెచ్‌డీఎంఐ ఫోరమ్ 2024లో తిరస్కరించింది. అందుకే ప్రకటనలో హెచ్‌డీఎంఐ 2.0 అనే రాసుకోవాల్సి వచ్చింది.

ఇక ధర. సోనీ లాగా నష్టానికి అమ్మి గేముల మీద రాబట్టుకోవచ్చు కదా అని చాలామంది అడుగుతున్నారు. స్టీమ్ ప్రతి అమ్మకం మీదా 30 శాతం తీసుకుంటుంది. గేము అమ్మకాలు కోటి డాలర్లు దాటితే ఆపై 25, ఐదు కోట్లు దాటితే 20. అయినా ఈ లెక్క వాల్వ్‌కు కుదరదు. సోనీ ఒక ప్లేస్టేషన్ 5 (పీఎస్5) అమ్మితే ఆ ఇంటినుంచి అంతకుముందు లేని రాబడి మొదలవుతుంది. స్టీమ్ మెషీన్‌ను ముందుగా కొనేది ఇప్పటికే స్టీమ్‌లో వందల గేములు కొని పెట్టుకున్నవాళ్లు. వాళ్లు కట్టే కమీషన్ వాల్వ్‌కు ఎలాగూ వస్తోంది. వాళ్లకు నష్టానికి పెట్టె అమ్మితే కొత్తగా వచ్చేది స్వల్పం.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఈ పెట్టెలో ఏ సాఫ్ట్‌వేర్ అయినా వేసుకోవచ్చు, విండోస్ కూడా. అలాంటి యంత్రాన్ని చవగ్గా అమ్మితే ఏమవుతుందో సోనీకి అనుభవమే. 2006లో వచ్చిన పీఎస్3లో లైనక్స్ వేసుకునే వీలుండేది. 599 డాలర్ల ధర పెట్టినా తొలి రోజుల్లో పెట్టెపెట్టెకూ సోనీకి నష్టమే. అమెరికా వైమానిక దళ పరిశోధకులు 1,760 పీఎస్3లను కలిపి ఒక సూపర్ కంప్యూటర్ కట్టారు. వాటిలో ఒక్కదాని మీదా గేమ్ డిస్కు అమ్ముడుపోదు కదా! 2010 ఏప్రిల్‌లో సోనీ ఆ లైనక్స్ వీలును అప్‌డేట్‌తో తీసేసింది, కొన్నవాళ్ల కోపానికి గురైంది. స్టీమ్ మెషీన్ నష్టానికి అమ్మితే ఆఫీసులు కొనుక్కుపోతాయి. దాన్ని ఆపాలంటే తాళం వేయాలి. తాళం వేస్తే అది పీసీ కాదు. కన్సోల్ లాగా సబ్సిడీ ఇవ్వబోమని వాల్వ్ ఇంజనీర్లు చెప్పింది సరైన మాటే. పైగా కన్సోళ్లూ ఇప్పుడు చౌక కాదు. ఏళ్లు గడిచేకొద్దీ వాటి ధర తగ్గాలి, కానీ 2025లో అమెరికాలో పీఎస్5 550 డాలర్లకు, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ 650 డాలర్లకు పెరిగాయి.

నాకు ఎక్కువ బెంగ ధర గురించి కాదు. హాల్లో నలుగురూ ఆడేది ఏమిటి? ఇద్దరు ఫ్రెండ్స్ వచ్చారంటే రెండో కంట్రోలర్ బయటికొస్తుంది, ఫుట్‌బాల్ గేమ్ మొదలవుతుంది. ఆ ఈఏ స్పోర్ట్స్ ఎఫ్‌సీ స్టీమ్ఓఎస్‌లో నడవదు. ఫోర్ట్‌నైట్ నడవదు. కాల్ ఆఫ్ డ్యూటీ, వాలరెంట్, బ్యాటిల్‌ఫీల్డ్ 6 నడవవు. కారణం గ్రాఫిక్స్ శక్తి కాదు, మోసం పట్టుకునే యాంటీ చీట్ సాఫ్ట్‌వేర్. ఇవి చాలావరకు విండోస్ గుండెకాయ లాంటి కెర్నెల్‌లో కూర్చుని పనిచేస్తాయి. లైనక్స్ కెర్నెల్‌ను వాడేవాడే మార్చుకోగలడు కాబట్టి దాన్ని నమ్మలేమని ఆ కంపెనీల వాదన. 2024లో అపెక్స్ లెజెండ్స్ అంతకుముందు ఇచ్చిన లైనక్స్ అనుమతిని కూడా వెనక్కి తీసుకుంది. జీటీఏ ఆన్‌లైన్ తలుపు కూడా అదే ఏడాది మూతపడింది. ఒంటరిగా ఆడుకునే గొప్ప గేములు వేల సంఖ్యలో ఉన్నాయి, నిజమే. కానీ పండక్కి ఇంటికొచ్చిన బావమరిదితో కూర్చుని ఒక మ్యాచ్ ఆడలేని పెట్టె హాల్లో ఎన్నాళ్లుంటుంది?

ఈ ముడి విప్పడం వాల్వ్ చేతిలోనే ఉంది. పెట్టె తనది, సాఫ్ట్‌వేర్ తనది. స్టార్ట్ అయ్యేటప్పుడు నాలో ఏ మార్పూ జరగలేదని ఆ యంత్రమే గేమ్ సర్వర్‌కు సంతకంతో రుజువు చూపే ఏర్పాటు చేయవచ్చు. దాన్ని బలవంతం చేయకూడదు. ఇష్టమైనవాళ్లు ఆన్ చేసుకుంటారు, వాళ్లకు ఆ గేములు నడుస్తాయి. సిస్టమ్‌ను తమకు నచ్చినట్టు మార్చుకునేవాళ్లు ఆఫ్ చేసుకుంటారు. లైనక్స్ అభిమానుల్లో కొందరికి ఈ మాట రుచించదు, తాళానికి తొలి మెట్టు అంటారు. వాళ్ల భయాన్ని కొట్టిపారేయను. కానీ వాడేవాడి చేతిలో స్విచ్ ఉన్నంతకాలం అది తాళం కాదని నా నమ్మకం. ఇది చేయకుండా గేమ్ కంపెనీలే మారతాయని ఎదురుచూస్తే ఏళ్లు గడిచిపోతాయి.

ఇంత కష్టం ఎందుకంటే, స్టీమ్ ఎంత పెద్ద దుకాణమైనా మైక్రోసాఫ్ట్ అద్దె గదిలో నడుస్తోంది కాబట్టి. స్టీమ్ వాడేవాళ్లలో లైనక్స్ వాటా 2025 అక్టోబర్‌లో తొలిసారి 3 శాతం దాటింది. మిగతాది దాదాపు అంతా విండోసే. అద్దె పెంచే రోజు వస్తుందో రాదో చెప్పలేం గానీ, సొంత జాగా ఉన్నవాడితో బేరం వేరుగా ఉంటుంది. అందుకే ఈ పెట్టె పది లక్షలు అమ్ముడైందా, కోటి అమ్ముడైందా అన్నది నా దృష్టిలో అసలు కొలమానం కాదు. పీఎస్2 లాగా 16 కోట్లు అమ్మాల్సిన అవసరం వాల్వ్‌కు లేదు. గేమ్ చేసేవాళ్లు విడుదలకు ముందు స్టీమ్ఓఎస్ మీద కూడా పరీక్షించడం అలవాటు చేసుకునేన్ని పెట్టెలు ఇళ్లలోకి వెళ్తే చాలు. వాటాదారులకు మూడు నెలలకోసారి జవాబు చెప్పాల్సిన అవసరం లేని ప్రైవేటు కంపెనీ కాబట్టి అంతవరకు ఆగే ఓపిక దానికి ఉంది.

మన దగ్గరికి వస్తే, స్టీమ్ రూపాయల్లో గేములు అమ్ముతుంది, యూపీఐ తీసుకుంటుంది. హార్డ్‌వేర్ మాత్రం మనకు అమ్మలేదు. స్టీమ్ డెక్ 2022లోనే వచ్చినా, ఇక్కడ కావాలన్నవాళ్లు అమెరికా నుంచి వచ్చే చుట్టాల సూట్‌కేసుల మీదో, వారంటీ లేని దిగుమతుల మీదో ఆధారపడ్డారు. ఆరంగుళాల పెట్టె కూడా అదే దారిన, దిగుమతి సుంకాలు మోసుకుంటూ వస్తే సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో విడిభాగాలు కొని బిగించుకున్న పీసీతో పోటీ పడలేదు. పీఎస్4, పీఎస్5 డిస్కులను ఆడేసి సగం ధరకు అమ్ముకునే అలవాటు ఉన్నవాళ్లను స్టీమ్ వైపు తిప్పడం మరీ కష్టం, అక్కడ కొన్న గేము తిరిగి అమ్ముడుపోదు.

మనకు ఎక్కువ పనికొచ్చేది పెట్టెలోని సాఫ్ట్‌వేర్. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. విండోస్ 11 ఎక్కని, గేములకు ఇంకా పనికొచ్చే పీసీలు ఎన్నో ఇళ్లలో ఉన్నాయి. వాటిలో చాలావాటిలో ఉన్నవి ఎన్‌విడియా కార్డులు, స్టీమ్ఓఎస్ మాత్రం ప్రధానంగా ఏఎండీ చిప్‌ల కోసం తయారవుతోంది. వాల్వ్, ఎన్‌విడియా కలిసి ఆ లోటు పూడిస్తే, కొత్త పెట్టె మన దేశంలో ఒక్కటీ అమ్మకపోయినా హాల్లో టీవీకి కలిపిన ఆ పాత పీసీయే స్టీమ్ మెషీన్ అవుతుంది.