బిస్కెట్ డబ్బాలోని సగం స్ట్రిప్పు గారికి

పర్లాకిమిడి,
వానాకాలం.

మహారాజశ్రీ సగం స్ట్రిప్పు గారి సముఖానికి,

ఉభయ కుశలోపరి అని మొదలుపెట్టాలి గానీ, ఆ రెండు మాటలు రాసేలోపే మూడుసార్లు దగ్గాను. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మాది. కాబట్టి వాడుక భాషలోనే తిడతాను, ఏమీ అనుకోకండి.

తమరు మా ఇంట్లో ఎలా స్థిరపడ్డారో గుర్తుందా? నిరుడు నా పన్ను నొప్పికి డాక్టర్ అయిదు రోజులకి రాశాడు. మూడో రోజుకి నొప్పి పోయింది, నేను మింగడం మానేశాను. మిగిలిన ఆరు అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ గొట్టాలే తమరు. షాపులో కత్తెరతో ఎంత ముచ్చటగా కత్తిరించారో గానీ, పేరూ తేదీ రెండూ అవతలి ముక్కతోనే పోయాయి. తమరి వీపు మీద మిగిలింది ‘సిలిన్’ అన్న తోక, పక్కనే నిలువుగా ఓ ఎర్రగీత. డాక్టర్ చీటీ లేకుండా మింగొద్దని ఆ గీతకి అర్థమట. 2016లో కేంద్ర ఆరోగ్యశాఖ దాని మీద ప్రచారం కూడా చేసింది. మా ఇంట్లో మాత్రం అదొక డిజైను.

బరంపురం హాస్టల్లో చదివే మావాడు సెలవులకి పొడిదగ్గు మోసుకొచ్చాడు. వాడికి పది రోజుల్లో సర్దుకుంది. సరిగ్గా మూడు వారాలకి నాకు పట్టింది. తలనొప్పి, గొంతు గరగర, సాయంత్రమైతే 100 దాటని జ్వరం. మంచమెక్కేంత జబ్బూ కాదు, మేడ మెట్లెక్కేంత ఓపికా లేదు. మా అమ్మ డబ్బా మూత తీసి, తమరిని చిల్లర డబ్బుల్లా అరచేతిలో పోసుకుని, ‘‘ఏటవ్వదురా, రెండేసుకో, రేపటికి లేచి కూకుంటావు’’ అంది.

వేసుకున్నాను. రెండ్రోజుల్లో నాలుగు. దగ్గు కదల్లేదు, కడుపు మాత్రం కదిలింది. పక్కింటి మావుసీ తులసాకు కషాయం ఇస్తే దానికి గొంతైనా కాసేపు హాయిగా ఉంది. తమరి వల్ల ఆ సుఖమూ లేదు.

అయినా నేను ఆగానా? జిరాక్సు షాపు తెరిచాను, ఆధార్ కార్డు కాపీలతో పాటు దగ్గూ పంచాను. రథయాత్ర జనంలో నిలబడ్డాను. మాస్కు జేబులోనే ఉంది, ఫొటోలో ముఖం కనబడదని.

మూడో వారం మా ఆవిడ డాక్టర్ దగ్గరికి లాక్కెళ్లింది. ఆయన ఎక్స్-రేని వెలుగులో పెట్టి ఓసారి దాన్నీ ఓసారి నన్నూ చూసి, ‘‘ఈ ఫొటో మీదేనా? ఇందులో మనిషి మంచం మీదుండాలి. మీరేమో బండి మీదొచ్చారు’’ అన్నాడు. రెండు వారాలు దాటిన దగ్గు కాబట్టి ముందు కళ్లె పరీక్ష రాశాడు. ప్రభుత్వాసుపత్రిలో అది ఉచితం. టీబీ కాదని తేలింది. హాస్టలూ ఇల్లూ మూడు వారాల ఎడమూ విన్నాక, ఇది మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియా పనే అయ్యుండాలన్నాడు. మనిషిని పడుకోబెట్టకుండానే తిప్పుతుంది కాబట్టి దీన్ని నడిచే న్యుమోనియా అంటారట. నాకైతే అది షాపు కూడా తెరిచింది.

ఇక తమరి గుట్టు. తమరు గోడలు పడగొట్టే మేస్త్రి. బ్యాక్టీరియా కట్టుకునే గోడని చెడగొట్టి చంపడమే తమ విద్య. ఈ మైకోప్లాస్మాకి అసలు గోడే లేదు! మునిసిపాలిటీవాళ్లు గునపాలు పట్టుకుని ఖాళీ స్థలానికి వెళ్లినట్టయింది తమరి పని. వెళ్లారు, చుట్టూ చూశారు, నా కడుపు మీద పడ్డారు. 1944లో దీన్ని వెతికి పట్టిన ఈటన్ బృందం వడపోతలోంచి కూడా జారిపోతోందని ఇదేదో వైరస్ అనుకుందట. బ్యాక్టీరియా అని ఖాయంగా తేలడానికి 1960లు రావాల్సొచ్చింది. అంత పెద్ద ప్రయోగశాలలే తికమకపడిన చోట, బిస్కెట్ డబ్బా వైద్యం చేయబోయింది.

డాక్టర్ అజిత్రోమైసిన్ రాశాడు. అది గోడ జోలికి పోదు, లోపల ప్రొటీన్ల తయారీని ఆపేస్తుంది. పెద్దవాళ్లకి డాక్సీసైక్లిన్ కూడా ఇస్తారట, గర్భిణులకి మాత్రం ఇవ్వరు. ‘‘చాలామందికి మందు లేకుండానే తగ్గిపోతుంది గానీ, మీ ఎక్స్-రే చూశాక ఆ ధైర్యం చెయ్యను’’ అన్నాడు. జ్వరం పోయినా దగ్గు ఇంకొన్ని వారాలు ఉంటుందనీ, దానికి భయపడి మరో మందు కొనొద్దనీ ముందే చెప్పాడు. కూర్చున్నచోటే ఆయాసమొచ్చినా, ఛాతీ పొడిచినా, వేలి మిషన్లో ఆక్సిజన్ 94 కంటే తగ్గినా మాత్రం తెల్లారేదాకా చూడొద్దన్నాడు. మా అమ్మలాంటి పెద్దవాళ్లకీ ఆస్తమా ఉన్నవాళ్లకీ ఇది మంచమెక్కించకుండా ఇలా తిప్పి వదిలేస్తుందని నమ్మకం లేదన్నాడు. అప్పుడు పెట్టుకున్నాను మాస్కు, ఇంట్లో కూడా.

ఈసారి కోర్సు చివరి మాత్ర వరకూ మింగాను. డబ్బాలో వేయడానికి ఒక్కటీ మిగల్లేదు. తమరికి చుట్టాలు రారు, క్షమించాలి.

మిగిలిన తమరిద్దరినీ చెత్తబుట్టలో పడెయ్యొద్దు, మందుల షాపులో తిరిగి తీసుకుంటారేమో అడుగుదామని చొక్కా జేబులో వేసుకున్నాను. ఇది రాస్తుండగానే మా అమ్మ గుమ్మంలోంచి అడిగింది:

‘‘ఒరే, ఆ రెండు గొట్టాలూ ఏవిరా? డబ్బాలో అగుపడవు. పారెయ్యకు, వానల రోజులు.’’

ఇట్లు,
దగ్గుతూ, తమ మాజీ భక్తుడు.