అర్ధరాత్రి బిర్యానీ రోగులు

మా బావమరిదికి జబ్బు చేసింది. కబురు వాట్సాప్ స్టేటస్‌లో తెలిసింది: ‘నాకు నైట్ ఈటింగ్ సిండ్రోమ్, ఏం చేయను!’ కింద ఫొటో. రాత్రి ఒంటిగంటన్నరకి గచ్చిబౌలి రోడ్డు పక్కన, కారు బానెట్ మీద మటన్ బిర్యానీ. చుట్టూ మరో నలుగురు రోగులు.

రోగం ముదిరినట్టే ఉంది. రైతా తక్కువ పోశాడని కౌంటర్ దగ్గర గొడవపడ్డాడట. సాలన్ రెండోసారి వేయించుకున్నాడు. ఆపైన డబుల్ కా మీఠా. అక్కడితో ఆగకుండా ఇరానీ చాయ్ కోసం నాంపల్లి దాకా ఊరేగి, మూడింటికి ‘నిద్ర పట్టట్లేదు, ఇదీ లక్షణమే’ అని ఇంకో స్టేటస్. దానికి పద్దెనిమిది మంది ‘టేక్ కేర్ బ్రో’!

ఈ జబ్బు సంగతి 1955లోనే ఆల్బర్ట్ స్టంకర్డ్ అనే అమెరికన్ డాక్టర్ రాశాడు. రోజు తిండిలో కనీసం పాతిక శాతం రాత్రి భోజనం అయ్యాకే తినడం, లేదా వారానికి రెండుసార్లయినా నిద్రలోంచి లేచి తినడం అని తర్వాత పరిశోధకులు ఒక కొలత పెట్టారు. అమెరికన్ మానసిక వైద్యుల పుస్తకం డీఎస్ఎమ్-5 ఇందులో ఒక మెలిక పెట్టింది: ఊరి అలవాటు కొద్దీ తింటే, నిద్రవేళలు మారి తింటే జబ్బు కింద రాదు. అంటే మన హైదరాబాద్ నైట్ షిఫ్టు క్యాబులతో సహా పాస్! బావమరిదీ, నీకేం కాలేదు, ఇంటికి పో.

ఆ పుస్తకమే 2013లో బింజ్ ఈటింగ్‌కి, అంటే అదుపు తప్పి ఒక్కసారే బోలెడు తినేసే జబ్బుకి, విడిగా పేరిచ్చి, ఈ రాత్రి తిండి జబ్బుని మాత్రం ‘ఇతరములు’లో పడేసింది. ఇది ఎక్కువ తినడంలోకి వస్తుందా, నిద్రలేమిలోకి వస్తుందా అని పండితుల మీమాంస. డెబ్బై ఏళ్ళు దాటింది మహాప్రభో!

నిజంగా ఈ జబ్బు ఉన్నవాళ్ళు స్టేటస్‌లు పెట్టరు. రాత్రి రెండింటికి లైటు వేయకుండా, గిన్నె మూత చప్పుడు కాకుండా, చల్లారిన అన్నం నిలబడే తింటారు. ఏదో ఒకటి కడుపులో పడితే తప్ప నిద్ర రాదు. పొద్దున అంతా గుర్తుంటుంది, టిఫిన్ మాత్రం సయించదు. ఇంట్లోవాళ్ళేమో ‘దొంగతిండి’ అంటారు, ‘నోరు కట్టుకోలేవా’ అంటారు. సిగ్గు లేదా అలా అనడానికి? చివరికి ధైర్యం చేసి ఆస్పత్రికి వెళ్తే బరువు చూసి, చేతిలో డైట్ చార్ట్ పెడతారు: ‘రాత్రి ఏడు దాటాక ఏమీ తినకండమ్మా.’ తినకుండా ఉండగలిగితే ఆవిడ మీ దగ్గరకి ఎందుకొస్తుందండీ?