మెమో ఎవరికివ్వాలి?

కృత్రిమ మేధ వచ్చి ఉద్యోగాలన్నీ ఊడ్చుకుపోతుందని అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల నుంచి సచివాలయం దాకా అందరికీ టెన్షన్ పట్టుకుంది. పోతే పోనివ్వండి, నా అభ్యంతరం అది కాదు. ఉద్యోగమంటే ఏమిటో పూర్తిగా చెప్పకుండా దాన్ని పనిలోకి తీసుకున్నారు, అదీ నా బాధ. మన దగ్గర ఉద్యోగమంటే పని ఒక్కటే కాదు. మెమోలు అందుకోవాలి, సంజాయిషీలు రాసుకోవాలి, ఇంక్రిమెంట్ ఆగితే ఇంట్లో చెప్పుకోవాలి. పైవాడు చేసిన తప్పుకు కిందివాడు తలొంచుకుని నిలబడాలి. పరిపాలన నడిచేదే ఆ నిలబడటం మీద. పని యంత్రం తీసుకుంది సరే, నిలబడేదెవరు?

ఈ చిక్కు కెనడాలో ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. 2022లో ఒకాయన బామ్మ పోయింది. హడావిడిగా బయల్దేరుతూ ఎయిర్ కెనడా విమాన కంపెనీ వెబ్‌సైట్లో చాట్‌బాట్‌ని, అంటే ప్రశ్నలకు మనిషిలా జవాబిచ్చే ప్రోగ్రాంని అడిగాడు. ముందు టికెట్ కొనుక్కోండి, దగ్గరివాళ్లు పోయినప్పుడు ఇచ్చే రాయితీ కోసం 90 రోజుల్లోపు దరఖాస్తు పెట్టుకోండి అని అది భరోసా ఇచ్చింది. ఆయన కొన్నాడు, వెళ్లొచ్చాడు, డబ్బులడిగాడు. ప్రయాణం అయిపోయాక రాయితీ ఇచ్చే రూలే లేదంది కంపెనీ. విషయం ట్రిబ్యునల్‌కు ఎక్కాక కంపెనీ చేసిన వాదన సారాంశం ఇది: చాట్‌బాట్ అంటే వేరే ఒక శాల్తీ, దాని మాటలకు అదే బాధ్యురాలు. 2024 ఫిబ్రవరిలో ట్రిబ్యునల్ ఆ వాదనను కొట్టేసి ఆరువందల యాభై డాలర్ల చిల్లర కట్టించింది.

కట్టిన డబ్బు పోనీ, అంత గొప్ప వాదన వీగిపోవడమే నాకు నచ్చలేదు. మన ఆఫీసుల్లో ఈ సిద్ధాంతం కెనడా కంటే ఎంతో ముందే ఉంది. "సిస్టం తీసుకోవట్లేదండీ" అనే వాక్యాన్ని ఒకసారి శ్రద్ధగా వినండి. అందులో గుమస్తా లేడు, అధికారి లేడు, ప్రభుత్వం లేదు. కర్త సిస్టం ఒక్కటే. దాని మీద అప్పీలుకు వెళ్దామంటే ఆఫీసెక్కడుందో తెలియదు.

తెలంగాణలో సమగ్ర వేదిక అని ఒకటి తయారుచేశారు. రకరకాల ప్రభుత్వ రికార్డులన్నీ ఒకచోట చేర్చి, ఈ కార్డున్న మనిషీ ఆ కారున్న మనిషీ ఒకరేనా అని పేర్లూ చిరునామాలూ పోల్చి తేల్చే కంప్యూటర్ ఏర్పాటు అది. ఇప్పటి చాట్‌బాట్ల కంటే పాతది కాబట్టి సీనియారిటీ లిస్టులో పైన ఉండాలి. హైదరాబాద్‌లో రిక్షా తొక్కుకునే ఒకాయన పేరు, కారున్న ఇంకొకాయన పేరుతో కలిసింది. కారున్నవాడికి రేషన్ బియ్యం ఎందుకు? కార్డు పోయింది. కారు మాత్రం రాలేదు. తెలుగునాట ఏ కాలనీలోనైనా గేటు దగ్గర నిలబడి "శ్రీనివాసరావు గారూ" అని పిలిస్తే ఎంతమంది బయటికొస్తారో ఆ యంత్రానికి ఎవరూ చెప్పలేదు కాబోలు.

చివరికి 2022లో సుప్రీంకోర్టు కలగజేసుకుని, రద్దయిన సుమారు 19 లక్షల రేషన్ కార్డులను మళ్లీ ఇంటింటికీ వెళ్లి పరిశీలించమంది. గమనించారా? తప్పు లెక్క యంత్రానిది, ఎండలో తిరిగే డ్యూటీ మనుషులది. మాకు కార్డు అవసరమేనని తిరిగి నిరూపించుకునే పని కార్డు పోయినవాళ్లది. యంత్రానికి ఒక్క మెమో కూడా అందినట్టు నేనెక్కడా చదవలేదు.

న్యూయార్క్‌లోనూ అదే వరస. 2023లో ఇద్దరు లాయర్లు చాట్‌జీపీటీ అనే చాట్‌బాట్ కల్పించిన లేనిపోని తీర్పులను కోర్టులో దాఖలు చేశారు. అంతకుముందు ఇవి నిజమైన కేసులేనా అని దాన్నే అడిగితే నిజమేనంది. సాక్షిని నువ్వు నిజం చెబుతున్నావా అని అడిగి తృప్తిపడిన లాయర్లు చరిత్రలో వీళ్లేనేమో. 5,000 డాలర్ల జరిమానా వాళ్లకూ వాళ్ల ఆఫీసుకూ పడింది. చాట్‌జీపీటీ ఆ రోజు కూడా మామూలుగానే డ్యూటీ చేసుకుంది.

జోస్యాల సంగతి చెప్పక్కర్లేదు. ఇక రేడియాలజిస్టులకు శిక్షణ ఇవ్వడం ఆపేయండి, ఐదేళ్లలో యంత్రమే నయమవుతుంది అని కృత్రిమ మేధకు పునాదులు వేసినవాళ్లలో ఒకరైన జెఫ్రీ హింటన్ 2016లో అన్నారు. ఆయనకు 2024లో నోబెల్ వచ్చింది (ఈ జోస్యానికి కాదులెండి). మన పిల్లలు మాత్రం నీట్ పీజీలో మంచి ర్యాంకు వస్తే ఇప్పటికీ ముందు రేడియాలజీ సీటుకే ఎగబడుతున్నారు. నోబెల్ గ్రహీత మాట వినని ఈ తరాన్ని ఏమనాలి!

సంజాయిషీ రాయడంలో మాత్రం యంత్రానికి సాటి లేదని ఒప్పుకోవాలి. తప్పు చూపించిన మరుక్షణం "మీరు చెప్పింది నిజమే, క్షమించండి" అంటుంది. వెంటనే అదే తప్పు ఇంకో రకంగా చేస్తుంది. ఇలాంటి ఉద్యోగితో ఏ సూపరింటెండెంటుకైనా సుఖం ఉంటుందా? చీవాటు పెట్టినప్పుడు ఎదుటివాడి ముఖం కాస్త మాడాలి కదా. పైగా ఇప్పుడు అయ్యగారు మెమో దానితోనే రాయిస్తున్నారు, కిందివాడు జవాబూ దానితోనే రాయిస్తున్నాడు. రెండు వైపులా అదే ఎంతో మర్యాదగా ఉత్తరాలు రాసుకుంటుంటే మధ్యలో ఇంక్రిమెంట్ మాత్రం మనిషిది ఆగుతోంది.

కాబట్టి ప్రభుత్వాలకు నాదొక వినతి. కృత్రిమ మేధను వెంటనే ప్రవర్తనా నియమావళి కిందికి తేవాలి. రెండేళ్ల ప్రొబేషన్, ఒక సర్వీసు రిజిస్టరు పెట్టాలి. అది ఏ కౌంటర్లో కూర్చుంటే అక్కడ, దాని తరఫున జవాబు చెప్పే మనిషి పేరూ ఫోన్ నంబరూ బోర్డు మీద రాయాలి. ఈ చివరి షరతు దగ్గర ఫైలు ఆగిపోతుందని నాకు తెలుసు. మిగతావన్నీ సంతకమైపోతాయి.

నోటీసు ఇద్దామంటే దానికి చిరునామా లేదని ఇన్నాళ్లూ ఒక వంక ఉండేది. ఇప్పుడు అదీ తీరింది. విశాఖలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో, కృత్రిమ మేధను నడిపే కంప్యూటర్లుండే భారీ డేటా సెంటర్ కడతామని 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించింది. అంటే త్వరలో దానికి ఒక ఇల్లు, ఆ ఇంటికి ఒక తలుపు ఉంటాయి. ఉద్యోగి నోటీసు తీసుకోకపోతే ఏం చేయాలో మనకు కొత్త కాదు. వీఆర్వో ఇద్దరు సాక్షులను వెంటబెట్టుకుని వెళ్లి, తలుపుకు అతికించి, పంచనామా రాసుకుని వస్తే సరి. అతికించే మైదా జిగురు ఖర్చు ఏ పద్దు కింద రాయాలో ఆర్థిక శాఖ ముందుగానే స్పష్టం చేస్తే మంచిది.