చేతిలో కరెంటు పని ఉన్నోడు డ్రైవర్ వీసా ఎక్కొద్దు

మొన్న ఆదివారం పొద్దున్నే మా ఊరి పిల్లోడొకడు ఇంటికొచ్చినాడు. ఇరవై మూడేళ్ళుంటాయి. ఐటీఐ ఎలక్ట్రీషియన్ చేసి, రెండేళ్ళుగా కడపలో ఒక మేస్త్రీ కింద ఇళ్ళ వైరింగ్ పనికి పోతున్నాడు. చేతిలో స్వీట్ల డబ్బా. "అన్నా, కువైట్ వీసా వచ్చిండాది" అన్నాడు. ఏం వీసా రా అని అడిగితే, "హౌస్ డ్రైవర్‌ది అన్నా. ముందు ఎక్కేస్తే, పని తర్వాత మార్చుకోవచ్చంట గదా" అన్నాడు.

నాకు ఆ స్వీటు గొంతు దిగలేదు. 2012లో నాకు ఏజెంటు చెప్పిన మాట అచ్చం అదే. "ముందు ఫ్లైటెక్కు, పోయినాక నీ పని నువ్వు చూసుకుందువు." ఆ మాట నమ్మి పన్నెండేళ్ళు నేను నా పనికి దూరమైనాను. పిల్లోడిని కూర్చోబెట్టి గంటసేపు చెప్పినాను. వాడు పోయినాక కూడా మనసులో ఇంకా మిగిలిపోయింది, అందుకే ఇక్కడ రాస్తున్నాను. రాయచోటి, రాజంపేట, పుల్లంపేట, కడప, ఏ పక్కకి పోయినా ఇట్లాంటి పిల్లోళ్ళే. వాళ్ళు చదవకపోతే వాళ్ళ అమ్మానాయనలన్నా చదవాల.

మాది చక్రాయపేట పక్క పల్లె. 2006లో ఐటీఐ అయిపోయింది. తర్వాత ఆరేళ్ళు కడపలో ఒక పెద్దమేస్త్రీ దగ్గర చేసినాను. ఆయనకు చదువు లేదు, వైర్లను ఇప్పటికీ 3/20, 7/20 అని పాత సైజు పేర్లతోనే పిలుస్తాడు. కానీ గోడ మీద చెయ్యి పెట్టి పైపు ఎటు పోయిందో చెప్పేవాడు. మొదటి ఏడాదంతా నాతో గోడలు కొట్టించి, పైపుల్లో స్ప్రింగ్ తోయించి వైర్లు లాగించినాడు. ఇంటికంతా కరెంటు పంచే బోర్డు, డీబీ అంటాం, దాని దగ్గరకే రానీలేదు. "ముందు వైరును గౌరవించడం నేర్చుకో, తర్వాత కరెంటు జోలికి రా" అనేవాడు. ఆరో ఏడు వచ్చేసరికి ఇంటి ప్లాను చూస్తే ఎన్ని సర్క్యూట్లు, ఎంత వైరు, ఏ గదికి ఏ ఎంసీబీ (లోడు ఎక్కువైతే పడిపోయే బ్రేకర్) అని నోటిమీద చెప్పేవాణ్ణి. శెనక్కాయ చేలల్లో కాలిపోయిన బోరు మోటార్ల స్టార్టర్లు ఎన్ని బాగుచేసినానో లెక్కలేదు.

ఆ సంవత్సరమే మా నాయన మూడో బోరు వేసినాడు. అదీ ఎండిపోయింది. అప్పులోళ్ళు వాకిట్లో కూర్చుంటే పాయింటుకింత అని తెచ్చే కూలి ఏ మూలకి చాలుతుంది? ఆ పరిస్థితిలో ఎవరైనా ఏ వీసా దొరికితే అది ఎక్కుతారు, నేనూ ఎక్కినాను. కాబట్టి పోయినోళ్ళను నేను తప్పు పట్టడం లేదు. తప్పు చెప్పి పంపినోళ్ళ మీద నా కోపం.

కువైట్‌లో ఇంటి పనివాళ్ళది 20వ నంబరు వీసా, మనోళ్ళు ఖాదిం వీసా అంటారు. వంటమనిషి, ఆయా, డ్రైవరు, తోటమాలి అందరూ దాని కిందికే వస్తారు. కంపెనీలో పనిచేసేవాళ్ళది 18వ నంబరు. ఒక అంకె తేడానే గదా అనుకోవద్దు. కంపెనీ కార్మికులకు 2010 నాటి లేబర్ చట్టం వర్తిస్తుంది, రోజుకు ఎనిమిది గంటల పని. ఇంటి పనివాళ్ళు ఆ చట్టం బయట ఉన్నారు. వాళ్ళకంటూ 2015 దాకా చట్టమే లేదు. వచ్చినాక కూడా పని రోజుకు పన్నెండు గంటల దాకా, కనీస జీతం 60 దినార్లు. ఖాదిం వీసా పెట్టుకుని బయట కరెంటు పని చేస్తూ దొరికితే నేరుగా డిపోర్టే. 20 నుంచి 18కి మారే వెసులుబాటు అడపాదడపా ఇస్తారు, అదీ రోజులు లెక్కపెట్టి ఇస్తారు.

ఇంకో సంగతి మన పల్లెల్లో చాలామందికి తెలియదు. పదో తరగతి తప్పినోడి పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని, అంటే పంపే ముందు తనిఖీ కావాలని, ఉంటుంది. కువైట్ లాంటి దేశాలకు పనికి పోవాలంటే అట్లాంటోళ్ళకు ప్రభుత్వ అనుమతి కావాల, కాగితాలు ఎవరో ఒకరు చూస్తారు. పది పాసైన ఐటీఐ పిల్లోడికి ఆ అడ్డం లేదు. "నీ చేతిలో ఒక పనుంది, నీకొచ్చిన వీసా ఇంకో పనిది" అని దారిలో చెప్పే మనిషే ఉండడు. చదువుకున్నందుకు వాడికి ఆ ఒక్క చూపు కూడా కరువైంది.

పన్నెండేళ్ళలో ఏం చేసినానంటే కారు కడిగినాను, పిల్లల్ని బడికి దించినాను, మార్కెట్ సంచులు మోసినాను, తోటకు నీళ్ళు పట్టినాను. ఇంటాయన మంచివాడే, జీతం ఏనాడూ ఆపలేదు. కానీ ఒక రోజు మాత్రం నేను మరిచిపోలేను. ఆగస్టు నెల, పై అంతస్తు ఏసీలకు బ్రేకర్ మాటిమాటికి పడిపోతోంది. కంపెనీ నుంచి ఇద్దరు ఎలక్ట్రీషియన్లు వచ్చినారు. నన్ను నిచ్చెన పట్టుకోమన్నారు. డీబీ మూత తీయగానే ఆ వాసన నాకు తగిలింది, టెర్మినల్ వదులై వైరు తోలు కాలిన వాసన. కింద నుంచే ఏ వైరో కనబడుతోంది. ఆ ఇద్దరూ దాదాపు గంట వెతికినారు. నేను నోరు తెరవలేదు, ఎందుకంటే నేను డ్రైవర్ని. నిచ్చెన పట్టుకోని నిలబడినాను. ఆ రాత్రి నా గదిలో ఏడ్చినాను, ఇంట్లోవాళ్ళకు ఈ సంగతి ఇప్పుడే తెలుస్తుంది.

2024 జూన్ 12న తెల్లవారుజామున కువైట్‌లోనే మంగఫ్‌లో కూలీలుండే బిల్డింగ్ కాలిపోయింది. మన దేశపోళ్ళే 45 మంది పోయినారు. కింద గార్డు గదిలో షార్ట్ సర్క్యూట్‌తో మొదలైందని అక్కడి ఫైర్ శాఖోళ్ళే చెప్పినారు. ఆ రోజు సాయంత్రం నేను నా గదిలో ఎక్స్‌టెన్షన్ బాక్సు ఊడదీసి చూసినాను. రైస్ కుక్కరు, ఇస్త్రీ పెట్టె, కెటిల్, ఫోన్లు అన్నీ దానికే. ఒక పిన్ను చుట్టూ ప్లాస్టిక్ నల్లగా కరిగి ఉంది. ముగ్గురం పడుకునే గది అది. కరెంటు పని తెలిసినోణ్ణి, దాన్ని రోజూ వాడుతూ ఏళ్ళ తరబడి తిప్పి చూడలేదు. పని చెయ్యి నుంచి పోతే కంటి నుంచి కూడా పోతుందని అప్పుడు అర్థమైంది.

అదే ఏడాది జూలై 14 నుంచి సెప్టెంబర్ 12 దాకా ఖాదిం వీసా వాళ్ళు కంపెనీకి మారొచ్చని అక్కడి ప్రభుత్వం చెప్పింది. ఇంటాయన ఒప్పుకోవాల, ఆయన దగ్గర ఏడాదన్నా చేసుండాల, 50 దినార్లు కట్టాల. వాళ్ళ పిల్లలు పెద్దవాళ్ళైనారు కాబట్టి నన్ను వదిలినారు. ఒక కంపెనీ ఎలక్ట్రీషియన్లను తీసుకుంటోందని తెలిసి పోతే, ముందు అడిగింది సర్టిఫికెట్టు.

నా ట్రేడ్ సర్టిఫికెట్ నా దగ్గర లేదు. 2006లో ఏదో ఫీజు బాకీ అని మా ఐటీఐ వాళ్ళు ఇవ్వలేదు, నేనూ మళ్ళీ పోయి అడగలేదు. పెద్దమేస్త్రీ "ఆ కాగితం ఎవడడుగుతాడు లేరా, నీ చెయ్యే నీ సర్టిఫికెట్" అన్నాడు. ఆయన మాట ఆయన లోకంలో నిజం. మా బావమరిది పోయి వెతికిస్తే పద్దెనిమిదేళ్ళ తర్వాత అది బీరువాలో, పాత కవర్లో దొరికింది. నాతోపాటు చదివినోళ్ళవి ఇంకా అక్కడే ఉన్నాయంట. ఈ పోస్టు చదివే ఐటీఐ పిల్లోళ్ళు ఎవరైనా, ఎన్నేళ్ళైనా సరే, పోయి మీ కాగితం తెచ్చుకోండి. బయటికి పోవాలంటే దాని మీద మన రాష్ట్రం ముద్ర, విదేశాంగ శాఖ ముద్ర, ఆ తర్వాత కువైట్ ఎంబసీ ముద్ర పడాల. ఇంట్లో ఉన్నప్పుడే చేయించుకుంటే అయ్యే ఖర్చు, వీసాకని ఏజెంటుకు పోసేదాంట్లో ఒక మూలకు రాదు. అక్కడ నుంచి చేయించుకోవడంలో నేను పడిన అవస్థ మాత్రం ఎవరికీ వద్దు.

ఇంక ట్రేడ్ టెస్టు, అంటే పని వచ్చో రాదో చేయించి చూసే పరీక్ష. ఒక చెక్క బోర్డు, కాంటాక్టర్ (మోటారుకు కరెంటు కలిపే పెద్ద స్విచ్చు), ఓవర్‌లోడ్ రిలే (లోడు ఎక్కువైతే ఆపేది), పచ్చ బటను, ఎర్ర బటను ఇచ్చి స్టార్టర్ వైరింగ్ చెయ్యమన్నారు. చేలల్లో నిద్రలో కూడా చేసే పని అది. నలభై నిమిషాల్లో చేసినాను. పచ్చ బటను నొక్కితే టక్కున లాగింది, మోటారు తిరిగింది. వేలు తీసినాను. టక్కున పడిపోయింది. మళ్ళీ నొక్కితే మళ్ళీ అంతే. బటను వదిలినా కాంటాక్టర్ పట్టుకోని ఉండాలంటే, దాని సొంత కాంటాక్టు ఒకటి పచ్చ బటనుకు సమాంతరంగా కలపాల. హోల్డింగ్ అంటాం. ఐటీఐలో నేర్చుకున్న పాఠమే. ఆ ఒక్క వైరు నా చెయ్యి మరిచిపోయింది. ఎదురుగా ఉన్న ఈజిప్టు ఇంజనీరు నా చేతుల వైపు చూసి, "ఎన్నేళ్ళు పని ఆపినావు?" అని అడిగినాడు. పన్నెండు అన్నాను. వారం తర్వాత మళ్ళీ రమ్మన్నాడు. ఆయన ఆ రోజే పంపించేసి ఉంటే నేను ఇంకా కారు కడుగుతూ ఉండేవాణ్ణి.

శుక్రవారం సంతలో పాత కాంటాక్టర్ ఒకటి, కొన్ని బటన్లు కొనుక్కుని రూములో రాత్రిళ్ళు కట్టడం, ఊడదీయడం, కట్టడం. వారం తర్వాత పాసైనాను. అయినా నేరుగా ఎలక్ట్రీషియన్‌గా తీసుకోలేదు, ఆర్నెల్లు హెల్పర్‌గా పెట్టినారు. నా ఫోర్‌మన్ వయసు ఇరవై ఆరు. ఆ పిల్లోడు నాకు నేర్పించింది చిన్నది కాదు. ముట్టుకునే ముందు బ్రేకర్ ఆపి, దానికి తాళమేసి, ఆ తాళంచెవి నీ జేబులో పెట్టుకో, ఆ తర్వాత కూడా టెస్టర్ పెట్టి చూడు. లైన్ మీద పనిచేసే మన కరెంటు డిస్కం వాళ్ళకు ఎల్సీ తీసుకునే పద్ధతి ఉంది, అంటే లైన్ ఆపినామని ముందే అనుమతి తీసుకోవడం. ఇళ్ళ పనిలో మాత్రం "ఆపినావా?" "ఆ, ఆపినా" అని కేకతోనే అంతా నడుస్తుంది. ఆ కేక సరిగా వినబడక పోయినోళ్ళు నాకు తెలిసి ఉన్నారు.

ఇప్పుడు అసలు మాటకొస్తా. నెల లీవులో ఇంటికొచ్చి, మా ఇంటికి మీటరు పెట్టి చూసినాను. నేను పంపిన డబ్బుతో 2019లో కట్టిన ఇల్లు. కడప బండల వాకిలి, లోపల గ్రానైట్, ఫాల్స్ సీలింగ్. వంటింట్లో మూడు పిన్నుల సాకెట్టుకి మీటరు పెడితే కరెంటొచ్చే ఫేజుకీ తిరిగిపోయే న్యూట్రల్‌కీ మధ్య 230 వోల్టులు ఉంది. ఫేజుకీ, దారి తప్పిన కరెంటును నేలలోకి పంపే ఎర్తుకీ మధ్య కూడా అంతే చూపాల. 60, 80, 50 అని అంకెలు ఊగుతున్నాయి. ప్లేటు ఊడదీసినాను. ఎర్తుకని వేసే పచ్చ వైరు ఉంది, ముచ్చటగా చుట్టి బాక్సు వెనక తోసిపెట్టినారు. మీటరు బోర్డు దగ్గర దాని ఇంకో కొస గాల్లో ఉంది. ఎర్తు గుంటే తవ్వలేదు. ఆ సాకెట్టుకే మా అమ్మ రోజూ తడిచేతులతో గ్రైండరు పెడుతుంది. ఆర్‌సీసీబీ కూడా లేదు. 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు దారి తప్పితే మనిషి ప్రాణం పోకముందే లైన్ కోసేసే డబ్బా అది.

చుట్టుపక్కల ఇంకో నాలుగిళ్ళు చూసినాను, అన్నీ కువైట్ డబ్బుతో కట్టినవే. ఒక్కదానికే సరైన ఎర్తు ఉంది. అది కూడా బోరు మోటారుకని వేసింది.

ఎందుకిట్లా? పని తెలిసినోడు అక్కడ కారు తుడుస్తున్నాడు, ఇక్కడ వాడింటికే పని తెలియనోడు వైరు లాగుతున్నాడు. నా ఇంటికి వైరింగ్ చేయాల్సింది నేను. నేర్చుకున్నోళ్ళు నాలుగేళ్ళకే పోతే నేర్పేవాళ్ళెవరు? మా పెద్దమేస్త్రీ దగ్గర ఇప్పుడు ఇద్దరే పిల్లోళ్ళున్నారు, వాళ్ళూ పాస్‌పోర్టుకు అప్లై చేసినారు. ఇంటోళ్ళు కూడా కరెంటు పని అంటే పాయింటుకి ఎంత తక్కువకు చేస్తావని బేరమాడే పనిగానే చూస్తారు. టైల్సు కోసం బెంగళూరు దాకా పోతారు, ఎర్తు గుంటలోకి బొగ్గూ ఉప్పూ జీఐ పైపూ అంటే "అదెందుకు, కరెంటొస్తాంది గదా" అంటారు. చట్టం ప్రకారం లైసెన్సున్న కాంట్రాక్టరు, పర్మిట్ ఉన్న వైర్‌మ్యాన్ చేయాల్సిన పని ఇది. మన ఊర్లల్లో ఎంతమంది ఆ పర్మిట్ అడిగినారో మీరే చెప్పండి.

డ్రైవరుగా నాకు చివర్లో 110 దినార్లు వచ్చేవి, ఎలక్ట్రీషియన్‌గా ఇప్పుడు 150, ఓవర్‌టైమ్ డబ్బు వేరే. "నలభై దినార్లకా ఇంత బాధ?" అని మా చిన్నాయన అడిగినాడు. నలభై కాదు చిన్నాయనా. కంపెనీ వీసాకు రోజుకు ఎనిమిది గంటలతో పని ముగుస్తుంది, ఎండాకాలం జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం పదకొండు నుంచి నాలుగు దాకా ఎండలో పని చేయించకూడదన్న నియమముంది. వీటన్నిటికన్నా, సైటులో ఒక ప్యానెల్ కట్టి పవర్ ఇచ్చినప్పుడు నా పేరు రాసి సంతకం పెట్టిస్తారు. డ్రైవరు పని తక్కువ పనని నేను అనడంలేదు, అది నేర్చుకుని చేసేవాడికి గౌరవమైన పనే. నాది అది కాదు, అంతే.

సోమవారం ఎర్తు గుంట తవ్వించినాను. రెండడుగుల కింద రాయి తగిలింది, మన నేల అంతే. పక్కకు జరిపి మళ్ళీ తవ్వినాం. స్వీట్లు తెచ్చిన ఆ పిల్లోడిని కూడా పిలిచినాను, వచ్చి పైపు దించడానికి చెయ్యి వేసినాడు. సాయంత్రం సాకెట్టుకి మీటరు పెట్టి వాడి చేతికే ఇచ్చినాను. 229 చూపించింది. వాడు వీసా సంగతి ఏం తేల్చలేదు. ఏజెంటుకు ఇచ్చిన అడ్వాన్సు వెనక్కి రాదేమోనని వాళ్ళ నాయన భయం. శుక్రవారం లోపల ఐటీఐకి పోయి తన సర్టిఫికెట్టు తెచ్చుకుంటానని మాత్రం చెప్పినాడు. తెచ్చుకున్న రోజే నాకు ఫొటో పెట్టమన్నాను.