దూరం వల్ల కాదు, మాట తప్పడం వల్లే విడిపోతున్నారు

తూర్పు, పశ్చిమ పాకిస్తాన్‌ల మధ్య సుమారు 1,600 కిలోమీటర్ల దూరం. ఆ మధ్యలో ఉన్నది ఇంకో దేశం. అలాంటి దేశం ముక్కలవడంలో వింతేముందని చాలామంది అంటారు. దూరమే కారణమైతే హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవి ఎప్పుడో ఫ్రాన్స్‌ను వదిలేసి ఉండాలి. పారిస్‌కు అది తొమ్మిది వేల కిలోమీటర్ల పైచిలుకు దూరం, పైగా ఒకప్పటి వలస రాజ్యం. అయినా 1946లో ఫ్రాన్స్‌లో పూర్తి భాగమైంది, దాని ప్రతినిధులు పారిస్ పార్లమెంటులో కూర్చుంటున్నారు.

కాబట్టి మ్యాపును పక్కన పెడదాం. దూరపు ప్రాంతం ఏం అడిగింది, రాజధాని ఏం ఇచ్చింది, ఇచ్చినదాన్ని ఎప్పుడు వెనక్కి లాక్కుంది అన్నది చూద్దాం.

బెంగాలీ ముస్లింలను పాకిస్తాన్‌లో ఎవరూ బలవంతాన చేర్చలేదు. ముస్లిం లీగ్ పుట్టిందే ఢాకాలో, 1906లో. పాకిస్తాన్‌కు పునాది వేసిన లాహోర్ తీర్మానాన్ని 1940లో ప్రవేశపెట్టింది బెంగాల్ నాయకుడు ఫజ్లుల్ హక్. అంత ముందు నడిచినవాళ్లు, దేశం ఏర్పడి పాతికేళ్లు నిండకముందే బయటికి పోయారు. దేశ జనాభాలో సగానికి పైగా తూర్పునే ఉన్నా, 1956 రాజ్యాంగం సీట్లను చెరిసగం చేసింది. జనపనార ఎగుమతులతో డాలర్లు తెచ్చేది తూర్పు; ఫ్యాక్టరీలు, సైనిక పదవులు, రాజధాని మాత్రం పశ్చిమాన. భాష కోసం 1952లో ఢాకాలో విద్యార్థులు తూటాలకు బలైతే, బెంగాలీకి అధికార హోదా దక్కడానికి మరో నాలుగేళ్లు పట్టింది. ఇంత జరిగినా 1966లో తూర్పు నాయకుడు షేక్ ముజిబుర్ రెహ్మాన్ ప్రకటించిన ఆరు సూత్రాల్లో స్వాతంత్ర్యం ఊసే లేదు. రక్షణ, విదేశాంగం కేంద్రం దగ్గరే పెట్టుకోండి, పన్నులూ విదేశీ మారకమూ మాకు వదిలేయండి అన్నారు. దాన్నే పాలకులు వేర్పాటువాదం కింద జమకట్టారు.

1970 నవంబర్ తుపానులో కనీసం మూడు లక్షల మంది పోయారు. సాయం నత్తనడకన వచ్చింది. డిసెంబర్‌లో ఎన్నికలు జరిగితే తూర్పులోని 162 సాధారణ స్థానాల్లో 160 ముజీబ్ పార్టీ గెలిచింది. మొత్తం 300 సాధారణ స్థానాల్లో అది స్పష్టమైన మెజారిటీ. నన్నడిగితే, పాకిస్తాన్ ఒక్కటిగా నిలవడానికి దొరికిన ఆఖరి అవకాశం ఆ ఫలితమే. తూర్పు మనిషి ప్రధాని అయ్యుంటే వేరు దేశం కావాలన్నవాళ్ల మాట ఎవరు వినేవారు?

1971 మార్చి 1న ఢాకా స్టేడియంలో క్రికెట్ మ్యాచ్ జరుగుతోంది. మధ్యాహ్నం రేడియోలో ప్రకటన వచ్చింది: ఎల్లుండి మొదలు కావాల్సిన జాతీయ అసెంబ్లీ సమావేశాన్ని సైనిక పాలకుడు యాహ్యా ఖాన్ వాయిదా వేశారు. ప్రేక్షకులు ఆట వదిలేసి నినాదాలు చేస్తూ రోడ్డెక్కారు. మ్యాచ్ అక్కడితో సరి. పాకిస్తాన్ బోర్డు జట్టుకు ఓపెనర్‌గా దిగిన బెంగాలీ కుర్రాడు రకీబుల్ హసన్ బ్యాటు మీద అప్పటికే 'జయ్ బంగ్లా' స్టిక్కర్ ఉంది. మార్చి 25 రాత్రి సైన్యం విరుచుకుపడింది. ఆపైన జరిగింది తెలిసిందే.

భారత్ జోక్యం లేకుండా బంగ్లాదేశ్ వచ్చేదా అని వాదించేవాళ్లున్నారు. అంత త్వరగా వచ్చేది కాదు, నిజమే. నైజీరియాలో బయాఫ్రా 1967లో స్వాతంత్ర్యం ప్రకటించుకుంటే గుర్తించిన దేశాలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. 1970 జనవరికల్లా లొంగిపోయింది. ఎవరు గెలుస్తారన్నది బయటి సాయం తేలుస్తుంది. జనాన్ని రోడ్డు మీదికి తెచ్చే కోపం మాత్రం ఇంట్లోదే.

ఎరిత్రియాదీ ఇదే కథ, అక్కడైతే దూరం సాకు కూడా లేదు. ఐక్యరాజ్యసమితి 1952లో దాన్ని సొంత శాసనసభతో, సొంత జెండాతో ఇథియోపియాకు జోడించింది. చక్రవర్తి హైలే సెలాసీ ఆ హక్కులను ఒక్కొక్కటే తీసేసి, 1962లో మామూలు రాష్ట్రంగా కలిపేసుకున్నాడు. ముప్పై ఏళ్ల యుద్ధం తర్వాత, 1993లో 99 శాతానికి పైగా స్వాతంత్ర్యానికి ఓటేశారు.

మరి విడిపోవడం ఆగిన చోట ఎందుకు ఆగింది? ఇండోనేషియా పశ్చిమ కొసన ఉన్న ఆచేలో 1976 నుంచి సాయుధ పోరు నడిచింది. 2004 డిసెంబర్ సునామీ ఆ తీరాన్ని ఊడ్చేసింది. బందా ఆచే జైల్లో ఉన్న తిరుగుబాటుదారు ఇర్వాండి యూసుఫ్ నీళ్లు పైకొస్తుంటే కప్పు గుండా బయటపడ్డాడు. మరుసటి ఏడు హెల్సింకిలో ఒప్పందం కుదిరింది: సహజ వనరుల ఆదాయంలో 70 శాతం ఆచేకే, స్థానిక పార్టీలకు అనుమతి. 2006 చివర్లో జరిగిన ఎన్నికల్లో అదే ఇర్వాండి గవర్నరయ్యాడు. పుణ్యమంతా సునామీదే అనలేం; అదే కెరటం శ్రీలంకనూ ముంచింది, అక్కడ యుద్ధం మళ్లీ రగిలింది. తేడా జకార్తా చేసిన సంతకంలో, ఆ మాట నిలబెట్టుకోవడంలో ఉంది.

ఇప్పుడు చూడాల్సింది పాపువా న్యూ గినీలోని బూగన్‌విల్ దీవి. పంగునా రాగి గని ఒక దశలో దేశ ఎగుమతుల ఆదాయంలో 40 శాతానికి పైగా తెచ్చింది. దీవికి మిగిలింది నామమాత్రపు వాటా, గని వ్యర్థాలతో పూడిపోయిన నదులు. 1988లో ఫ్రాన్సిస్ ఓనా అనే మాజీ గని ఉద్యోగి నాయకత్వంలో కరెంటు టవర్లు కూలాయి, మరుసటి ఏడు గని మూతపడింది, వేలమంది చనిపోయారు. 2001 శాంతి ఒప్పందం ప్రకారం 2019లో ఓటు వేయిస్తే దాదాపు 98 శాతం స్వాతంత్ర్యమే కావాలన్నారు. తుది మాట మాత్రం జాతీయ పార్లమెంటుదని అదే ఒప్పందంలో ఉంది. ఒకరికి ఇస్తే మిగతా ప్రావిన్సులూ అడుగుతాయని రాజధాని పోర్ట్ మోర్స్‌బీ టెన్షన్. 800కు పైగా భాషలున్న దేశంలో ఆ భయం ఊరికే వచ్చింది కాదు. కానీ బూగన్‌విల్ నాయకులు 2027 సెప్టెంబర్ 1ని గడువుగా పెట్టుకున్నారు. అప్పటిదాకా ఫైలును నానుస్తూ కూర్చుంటే, షరతులు మాట్లాడుకునే అవకాశం పార్లమెంటు చేతిలోంచి జారిపోతుంది.